అమ్మ దిగని బస్సు

గ్రూప్ టూ పరీక్ష మూడోసారి తప్పాక, అశోక్‌నగర్ గదిలో ఉన్న పుస్తకాలన్నీ కట్టగట్టి మంచం కిందికి తోసేశాను. అదే గదిలో ఉంటూ నాతోపాటే మూడుసార్లు తప్పిన మిత్రుడు ఒకడు ఉండేవాడు. ఇద్దరం కలిసి చిక్కడపల్లిలో ఒక సందు చివర రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కార్లు కడిగి పాలిష్ పెట్టే దుకాణం తెరిచాం. తొంభైల నడిమి కాలం అది. వీధిలో పదిమందికి ఒక కారు కూడా ఉండేది కాదు కాని, ఉన్నవాళ్లు దాన్ని పెళ్లికూతురిలా చూసుకునేవాళ్లు. మా నాన్న బంధువులందరికీ మావాడు ఆటోమొబైల్ లైన్లో ఉన్నాడని చెప్పేవాడు. ఏ కంపెనీ అని అడిగితే మంచినీళ్లు తెప్పించమని లోపలికి కేకేసేవాడు.

పాలిష్ అంటే ఏమిటో మాకు నిజంగా నేర్పింది మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క. పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్లో మొజాయిక్ నేలలు సానపట్టే పనికి వచ్చేది. వయసు నలభై దాటి ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం సద్దిగిన్నె పట్టుకుని మా షెడ్డు ముందు కూర్చుంది. నేను ఒక నల్ల అంబాసిడర్ బానెట్ మీద చెమటలు కారుతూ రుద్దుతున్నాను. చాలాసేపు చూసి, "తమ్మి, నువ్వు దాన్ని తోముతున్నవా, కొడుతున్నవా?" అని అడిగింది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి నా చేతిలో గుడ్డ తీసుకుని, అరచెయ్యంత చోటులో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్ది చూపించింది. ఆ అరచెయ్యంత చోటులో నా మొహం కనబడింది. మిగతా బానెట్ అంతటా నా మూడు నెలల అనుభవం కనబడింది.

వారం తిరగకముందే ఆమె మా దగ్గర పనికి కుదిరింది. రాతి దుమ్ము కంటే ఈ షాంపూ వాసన నయమని చెప్పింది. పేరుకు మేమిద్దరం యజమానులం. గుడ్డ తడిగా ఉందా పొడిగా ఉందా, పాలిష్ కాంపౌండ్ ఎంత రాయాలి, ఎప్పుడు ఆపాలి అనేవన్నీ ఆమె చెప్పినట్టే జరిగేవి.

ఒక బుధవారం పొద్దున స్కూటర్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నుదుట చిన్న బొట్టు. నారాయణగూడలో తాతల నాటి ఇల్లు వాళ్లది. ఒకప్పుడు రెండు టూరిస్టు బస్సులు నడిపి, ఈమధ్యే వ్యాపారం కొడుకులకు అప్పగించాడు. స్కూటర్ దిగకుండానే, పెద్ద బండ్లు కూడా చేస్తారా అని అడిగాడు. మా మిత్రుడు నాకంటే ముందే, ఎంత పెద్ద బండైనా చేస్తామని చెప్పేశాడు. ఏ సుమోనో, మటాడోరో అనుకున్నాం. ఆదివారం పొద్దున ఒకాయన బండి చూడటానికి వస్తాడని, అప్పటికి లోపలా బయటా కొత్త దానిలా ఉండాలని చెప్పి, ఇంటి గుర్తులు చెప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండు బకెట్లు, గుడ్డల మూట, పాలిష్ పెట్టే బఫింగ్ మెషీన్ ఆటోలో వేసుకుని ముగ్గురం నారాయణగూడ పోయాం. గేటు తీసి లోపలికి పోయేసరికి ఆవరణ సగం నిండి ఒక బస్సు నిలబడి ఉంది. ముప్పై అడుగులు ఉంటుంది. మా మిత్రుడు దాని వెనక ఏదైనా జీపు ఉందేమోనని చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. లేదు. ఆ బస్సే.

మామూలు బస్సు కూడా కాదు. పెద్దాయన పాత బస్సుల్లో ఒకదాన్ని ముషీరాబాద్‌లో బాడీలు కట్టే షెడ్డుకు తోలుకుపోయి, సీట్లన్నీ పీకించి, లోపల ఇల్లు కట్టించాడట. రెండు మంచాలు, సన్‌మైకా అల్మారాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, దేవుడి అర, చివర ఒక బాత్రూమ్. అందులో ఆయనా భార్యా, ఒక డ్రైవరూ మూడు నెలలపాటు యాత్ర చేసి వచ్చారు. తిరిగిన ఊళ్లన్నీ పక్కన పెద్ద అక్షరాలతో రాయించాడు: కాశీ, ప్రయాగ, గయ, హరిద్వారం, బదరి. బంపర్ మీద ఇంకా అక్కడి మట్టి ఉంది.

ఈ పని మావల్ల కాదని చెప్పి తిరిగిపోవడానికి అది సరైన సమయం. కాని మా మిత్రుడు అప్పటికే టైరును చేత్తో తట్టి, ఇలాంటివి చాలా చేశాం సార్ అనే మొహం పెట్టాడు. లోపల చూద్దామని నేను మెట్టెక్కాను.

"చెప్పులు కింద విడిచిరా బిడ్డా" అని లోపలి నుంచి ఒక గొంతు వినబడింది.

అరవై దాటిన ఒకామె నేల మీద చాప వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఎదురుగా గోడకు క్యాలెండరు, కిటికీకి తెర, తీగ మీద ఆరేసిన చీర. నేను చెప్పులు విడిచి మళ్లీ ఎక్కి, బండి శుభ్రం చేయడానికి వచ్చామని, అమ్మ కాస్త దిగితే లోపల ఎంత పని ఉందో చూసుకుంటామని చెప్పాను.

"నేనెందుకు దిగుత?" అంది ఆమె, కాయల మీంచి చూపు తిప్పకుండా. "ఇల్లు కడిగేటప్పుడు ఇంటోళ్లను బజార్ల నిలబెడతరా?"

కిందికి దిగి పెద్దాయన్ని అడిగాను. ఆయన నన్ను గోడవారకు తీసుకుపోయి మెల్లగా విషయం చెప్పాడు. యాత్ర నుంచి వచ్చి నాలుగు నెలలైంది. వచ్చిన రోజు సామాను దించారు, ఆయన దిగాడు, డ్రైవరు దిగాడు. ఆయన భార్య మాత్రం దిగలేదు. మొదట అలసిపోయింది, రేపు దిగుతుందిలే అనుకున్నారు. మర్నాడు ఆమె కొడుకు చేత గ్యాస్ సిలిండరు తెప్పించుకుంది. స్నానానికి, ఇతర అవసరాలకు ఇంట్లోకి వస్తుంది, పని కాగానే వెళ్లిపోతుంది. పండక్కి అందరూ బతిమాలితే వచ్చి వడ్డించి, పళ్లేలు ఎత్తకముందే మళ్లీ బస్సెక్కింది. ఈయన రాత్రి ఇంట్లో పడుకుంటాడు, పొద్దున కాఫీకి బస్సు దగ్గరికి వస్తాడు.

"ఇల్లు ఉండంగ బస్సుల ఎందుకు ఉంటున్నరని వాడకట్టోళ్లు అడుగుతున్నరు. ఏం చెప్పాలె?" అన్నాడు. ఆదివారం వచ్చేది కొనే మనిషట. ఆమెకు ఆ సంగతి తెలియదట. మేం కూడా చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచే పని మొదలుపెట్టాం. బయటి పని ముందు పెట్టుకుంటే లోపలి సమస్య కాస్త వెనక్కి జరుగుతుందని మా ఆశ. కార్లకు రెండు బకెట్ల నీళ్లు సరిపోయేవి. ఈ బస్సుకు రెండు బకెట్లు పోస్తే ముందు అద్దానికి కూడా చాలలేదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి కాబట్టి ఇంటి సంపు ఖాళీ చేయలేం. చివరికి చిన్న ట్యాంకరు తెప్పించాం. బస్సు పక్కగా అది లోపలికి రావడానికి గేటు పక్కన ఉన్న తులసి కోటను జరపాల్సి వచ్చింది. జరపడానికి పూజారిని అడగాలని పెద్ద కోడలు అంది. పూజారి దోమలగూడ నుంచి వచ్చి, దండం పెట్టుకుని జరపొచ్చని చెప్పేసరికి గురువారం పది దాటింది.

అక్క నిచ్చెన వేసుకుని టాపు మీదికి ఎక్కి చీపురుతో తోమింది. అక్కడ ఎండిన ఆకులు, ఒక గాలిపటం, ఒక కాకి కట్టబోయి మానేసిన గూడు దొరికాయి. మా మిత్రుడు పాత టూత్‌బ్రష్షు పట్టుకుని అల్యూమినియం పట్టీల మధ్య మురికి గీకాడు. తారు మచ్చలు కిరోసిన్‌తో తుడిచాం, అద్దాలు తడి న్యూస్ పేపరుతో రుద్దాం. పన్నెండు గంటలకల్లా ఒక పక్క తేలింది. కింద ఉన్న రంగు నీలమని అప్పుడే తెలిసింది. పెద్దాయన కూడా ఆశ్చర్యపోయాడు. బూడిద రంగు వేయించానని ఆయన నమ్మకం.

తర్వాత బఫింగ్ మెషీన్ తీశాను. పొడుగు వైరు వేసి వంటింటి కిటికీలోంచి ప్లగ్గు పెట్టించి, స్విచ్చి వేసి, మెషీన్‌ను బస్సుకు ఆనించాను. ఠప్పుమని శబ్దం వచ్చింది. ఇంట్లో కరెంటు మొత్తం పోయింది. గ్రైండర్లో పిండి ఆగిపోయింది, టీవీలో క్రికెట్ మ్యాచ్ ఆగిపోయింది, మోటారు ఆగిపోయింది. ఒక్కో కిటికీలోంచి, ఒక్కో తలుపులోంచి మనుషులు బయటికి వచ్చారు. కొడుకులు, కోడళ్లు, మనవలు, ఒక మేనత్త, ఊరి నుంచి కోర్టు పని మీద వచ్చి ఉండిపోయిన ఒక బంధువు, ఆయన భార్య. పద్ధెనిమిది మంది దాకా లెక్కపెట్టి మానేశాను. పెద్ద కోడలు చేతులకు పిండితో వచ్చి, ఇంకా ఎంతసేపు పడుతుందని నన్ను కాదు, బస్సును అడిగింది. బస్సు కిటికీలోంచి అత్తగారు ప్రశాంతంగా బయటికి చూసింది. ఆమె పప్పు గ్యాస్ మీద ఉంది. ఆమె ఎందుకు దిగడం లేదో నాకు ఆ క్షణాన సగం అర్థమైంది.

ఫ్యూజు వేయించి మళ్లీ మొదలుపెట్టాం. కాని ఇంట్లోవాళ్లందరూ చూస్తున్నారనే కంగారులో నేను మెషీన్‌ను ఒకేచోట ఎక్కువసేపు ఆనించి ఉంచాను. తీసి చూస్తే గయ లేదు. కాశీ, ప్రయాగ, తర్వాత నున్నగా మెరిసే ఒక నీలం ఖాళీ, ఆ తర్వాత హరిద్వారం.

అక్క దగ్గరికి వచ్చి వేలితో తడిమి చూసింది. "మెరుపు మంచిగొచ్చింది తమ్మి" అంది.

పెద్దాయనకు చెప్పక తప్పలేదు. తల్లిదండ్రులకు పిండం పెట్టిన ఊరు అది, ఊరికే రాయించుకున్నది కాదు. ఆయన ఆ ఖాళీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది. మా మిత్రుడు అప్పటికప్పుడు క్రాస్ రోడ్స్ వైపు పరుగెత్తి, సినిమా హాళ్లకు బ్యానర్లు రాసే ఒక పెయింటర్‌ను ఆటోలో ఎక్కించుకొచ్చాడు. ఆయన ఎన్నో ఏళ్లుగా ఒకే రకం అక్షరాలు రాస్తున్న మనిషి. అరగంటలో గయ తిరిగి వచ్చింది, ఎర్రగా, పసుపు నీడతో, అక్షరాల చివర్ల నుంచి నెత్తురు చుక్కలు కారుతున్నట్టు. ఏదో పగ తీర్చుకునే సినిమా పేరులా ఉంది. చుక్కలు తీసేయమని బతిమాలితే, అవి లేకుంటే అక్షరానికి బలం రాదని ఆయన ఒప్పుకోలేదు. చివరికి అక్క కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్క చుక్కా తుడిచింది.

శుక్రవారం లోపలి పని. మేం ఎక్కేసరికి అమ్మ స్నానం చేసి, దేవుడి అరలో దీపం పెట్టి, కొంగు బిగించి కూర్చుంది. నువ్వు ఇటు మొదలుపెట్టు, నేను అటు జరుగుతానని ఒప్పందం చేసుకుంది. అంటే మేం మంచాల వైపు తోమితే ఆమె పొయ్యి దగ్గర, మేం పొయ్యి దగ్గరికి వస్తే ఆమె మంచం మీద. ఈ లెక్క బాగానే ఉంది కాని, పైకప్పు రెక్సిన్ అంతా సబ్బు నురగతో తుడిచి ఆరబెట్టాక, ఆమె వంకాయ కూరకు తాలింపు పెట్టింది. మిరపకాయల ఘాటుకు ముగ్గురం దగ్గుకుంటూ కిందికి దూకాం. తిరిగి ఎక్కి చూస్తే పైన సన్నటి నూనె పొర. మళ్లీ తుడిచాం. మధ్యాహ్నం మాకు తినడానికి ఇంత ఉండాలి గదా అని ఆమె గారెలు వేసింది. మూడోసారి తుడిచాం. ఆ గారెలు మాత్రం పది తిన్నాను.

బాత్రూమ్ సంగతి నన్ను పొద్దుటి నుంచీ భయపెడుతోంది. మూడు నెలల యాత్ర తర్వాత అందులో ఏముంటుందోనని ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఫినాయిల్ సీసా పట్టుకుని తలుపు తీశాను. ఆవకాయ వాసన వచ్చింది. లోపల నేల నుంచి కిటికీ దాకా జాడీలు. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతకాయ. వండుకునే బండిలో అది ఎట్లా వాడుతారని అమ్మ నన్నే అడిగింది. కాశీ పోయేటప్పుడు, వచ్చేటప్పుడు దారిలో పెట్రోల్ బంకుల దగ్గరే ఆపించుకున్నారట. ముషీరాబాద్ షెడ్డువాళ్లు ఎంతో శ్రద్ధగా బిగించిన పింగాణీ సామాను మీద పలక వేసి, దాని మీద ఉప్పు జాడీ పెట్టింది. ఫినాయిల్ సీసా దాచేసి బయటికి వచ్చాను.

అక్కకూ అమ్మకూ ఈలోపు మాట కలిసింది. అక్క అల్మారా తలుపులు తుడుస్తుంటే అమ్మ పక్కన కూర్చుని ఒక్కో మచ్చ కథ చెప్పసాగింది. ఈ పసుపు మరక ఝాన్సీ దగ్గర డ్రైవరు సడెన్ బ్రేకు వేసినప్పటిది. ఈ కాలిన గుర్తు హరిద్వారంలో చలికి కిటికీ మూసి చపాతీలు కాల్చినప్పటిది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక తనకంటూ ఒక పొయ్యి, ఒక కిటికీ, తను పెట్టిన చోటే ఉండే ఒక ఉప్పు డబ్బా దొరికింది ఈ బస్సులోనేనని చెప్పింది. ముందు అత్తగారి వంటిల్లు, తర్వాత తోటికోడళ్లతో పంచుకున్న వంటిల్లు, తను పెద్దదయ్యేసరికి కోడళ్ల వంటిల్లు. నేను కిటికీ రబ్బరు బీడింగ్ తోముతూ విననట్టు నటించాను.

అప్పుడు అమ్మ, ఉన్నట్టుండి ఇంతగా ఎందుకు కడిగిస్తున్నారు, పెళ్లి చూపులేమైనా ఉన్నాయా అని అడిగింది. నేను మా మిత్రుడి వైపు చూశాను, వాడు టూత్‌బ్రష్షు వైపు చూశాడు.

అక్కకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "అమ్ముతరంటమ్మా" అంది. "ఆదివారం నాడు చూస్తందుకు వస్తున్నరు."

అమ్మ లేచి పొయ్యి కట్టేసింది. ముందుకు నడిచి డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, గేటు వైపు చూస్తూ ఉండిపోయింది. పావుగంటసేపు నేను తుడిచిన కిటికీనే మళ్లీ మళ్లీ తుడిచాను. చేసే పనికి సిగ్గుపడటం నాకు అదే మొదటిసారి. పరీక్షలు తప్పినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

తర్వాత ఆమె లేచి వచ్చి అక్క చేతిలోంచి ఒక గుడ్డ తీసుకుంది. "పోయేటిదైతే మురికితోటి పోవద్దు" అంది. "నా ఇల్లు జూసి ఎవ్వరు ముక్కు మూసుకోవద్దు."

శనివారమంతా నలుగురం కలిసి పనిచేశాం. మేం వదిలేసిన చోట్లన్నీ ఆమె చూపించింది. పరుపుల కింద పలకలు, అల్మారా కీళ్లు, మెట్టు అడుగుభాగం. బొగ్గు పొడి, చింతపండు, ముగ్గుపిండి, ఇలా మా దుకాణంలో లేని సరుకులతో ఇత్తడి పిడులు తోమించింది. ఆ రోజు నేను నేర్చుకున్నంత పని ఏడాదిలో నేర్చుకోలేదు. సాయంత్రం పెద్దాయన మెట్టు దగ్గరికి వచ్చి నిలబడితే, ఆమె లోపలి నుంచే అడిగింది.

"ఇంట్ల అందర్ని అడిగి అమ్ముతున్నరు. నన్ను అడిగిర్రా?"

ఆయన చెప్పులు విడవబోయి, మళ్లీ వేసుకుని, ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆదివారం పది గంటలకు కొనే మనిషి హైదర్‌గూడ నుంచి వచ్చాడు. సినిమా షూటింగులకు జనరేటర్లు, వ్యాన్లు కిరాయికి ఇచ్చే వ్యాపారం ఆయనది. లావుపాటి మనిషి, బిగుతు బూట్లు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, మాకు వినబడేటట్టే ఫస్ట్ క్లాస్ అన్నాడు. మా మిత్రుడు గాల్లో తేలాడు. ఎక్కబోతుంటే అమ్మ బూట్లు విడవమంది. తాళ్లు విప్పడానికి ఆయనకు వంగడం కష్టమై, అక్క సాయం పట్టింది. ఒక మేజోడుకు బొటనవేలు దగ్గర చిల్లు ఉంది. ఆ తర్వాత ఆయన గొంతులో గట్టిదనం కాస్త తగ్గింది.

ఆమె అడ్డం పడుతుందని మేమంతా అనుకున్నాం. ఆమె మాత్రం కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు చెప్పినట్టు అన్నీ చెప్పింది. ఈ కిటికీ వానకు కారుతుంది, గుడ్డ పెట్టాలి. ఈ తలుపు ఎత్తి మూయాలి. మూడో గేరు జర మొండిది, తిట్టొద్దు. పెద్దాయన పక్కన నిలబడి దగ్గుతూనే ఉన్నాడు, ఆమె ఆపలేదు. కొనే ఆయన తలూపుతూ, అల్మారాలు ఉంచి పొయ్యి పీకించేసి ఆ గోడకంతా అద్దాలూ బల్బులూ పెట్టిస్తానని, నటులు మేకప్ వేసుకోవడానికి బాగుంటుందని చెప్పాడు.

"పొయ్యి తీస్తె మరి తినేదెట్ల?" అని అడిగింది అమ్మ.

ఆయన నిట్టూర్చాడు. ఆ ఒక్క సంగతే అడగొద్దమ్మా అని, షూటింగ్ భోజనాల బాధ మొదలుపెట్టాడు. ఊరవతల ఎక్కడో షూటింగ్ పెడతారు, అన్నం క్యారియర్లు మూడింటికి వస్తాయి, చల్లారి గడ్డకట్టి ఉంటాయి, అందరి కోపం బండ్లు ఇచ్చిన తన మీద పడుతుంది. ఆయన చెబుతూ ఉండగానే అమ్మ మూత తీసి, గిన్నెకు అంటుకుని ఎర్రగా కాలిన సర్వపిండి ముక్క ఒకటి పళ్లెంలో పెట్టింది. ఆయన తిన్నాడు. ఇంకొకటి పెట్టింది. బాగుందని మూడోది ఆయనే అడిగాడు. కాస్త ఉసిరి పచ్చడి కోసం నన్ను బాత్రూమ్‌లోకి పంపింది. పచ్చడి ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆయన నమలడం ఒక క్షణం ఆపాడు, తర్వాత కొనసాగించాడు.

పళ్లెం ఖాళీ అయ్యాక ఆమె, "పొయ్యి తియ్యకుండ్రి. అమ్ముడొద్దు. కిరాయికి తీస్కపోండ్రి, నేను గుడ వస్త" అంది.

మొదట తేరుకున్నది పెద్దాయన. సినిమావాళ్లకు వంట చేస్తావా అని అడిగాడు.

"ఇంట్ల నలభై ఏండ్లు ముప్పై మందికి చేసిన" అంది ఆమె. "బాగుందని ఎవరన్న అన్నరా? ఈయన రెండు ముక్కలకే అన్నడు."

కొనడానికి వచ్చిన ఆయన, నిజానికి మూడు ముక్కలు తిన్నానని గౌరవంగా సరిదిద్దాడు.

అలా ఆ బస్సు అమ్ముడుపోలేదు. ఇంట్లో వారంపాటు పెద్ద పంచాయితీ నడిచిందని తర్వాత తెలిసింది. ఆమె బస్సులోంచే జవాబులు చెప్పిందట. పదిహేను రోజుల తర్వాత పాత డ్రైవరు వచ్చి బస్సు స్టార్ట్ చేశాడు. దేవుడి అర ముందు కొబ్బరికాయ కొట్టి ఆమె బయలుదేరింది.

ఆ తర్వాత రెండేళ్లు నెలకు రెండుసార్లు ఆ బస్సు మా చేతికి వచ్చేది. ఇప్పుడు మరకలు మారాయి. పరుపుల మీద మేకప్ రంగు, కిటికీ దగ్గర అతికించి మరిచిపోయిన మీసం, సింకులో మెరుపు పొడి. మేకప్ మరకకు కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బు పెట్టాలని అక్క కనిపెట్టింది. కథలు అమ్మ నోట వినేవాళ్లం. ఒకసారి రాక్షసుడి వేషం వేసిన నటుడు కిరీటంతో తలుపులో పట్టక, మెట్టు మీదే కూర్చుని పప్పన్నం తిన్నాడట. ఇంకొకసారి హీరో మోకాళ్ల దాకా ఉన్న బూట్లు విప్పి ఎక్కేసరికి ఎండ వాలిపోయింది. డైరెక్టర్ మండిపడితే, అన్నం తిన్నాక మాట్లాడుదామని ఆయనకూ వడ్డించింది. ఆయన మర్నాడు చెప్పులు ముందే విడిచి వచ్చాడు.

పెద్దాయన మొదటి వారం ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున కాఫీకి అలవాటు కొద్దీ ఆవరణలోకి వచ్చి, టైర్ల గుర్తులు చూసి లోపలికి పోయేవాడట. రెండో వారం ఒక మడత కుర్చీ పట్టుకుని తనూ బస్సెక్కాడు. షూటింగ్ దగ్గర ఆయనకు పనేమీ లేదు. అందుకని తనే ఒక పని కల్పించుకున్నాడు. మెట్టు పక్కన కుర్చీ వేసుకుని, ఎక్కేవాళ్లందరినీ వరుసలో నిలబెట్టేవాడు. ఒకసారి మేం తుడుస్తుంటే మెల్లగా నా పక్కకు వచ్చి, "ఆమె చేతి చారు ఇంత బాగుంటదని నాకు ఎరుక లేదు బాబు. బస్సుల పని చూసుకోని వచ్చి ఇంట్ల ఎప్పుడు అందరి తర్వాత తినేటోణ్ణి, చల్లగయ్యేది" అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పారా అని అడిగితే, ఇప్పుడు చెబితే పాతవన్నీ లెక్క అడుగుతుందని భయపడ్డాడు. అయినా చెప్పినట్టున్నాడు. తర్వాతి సారి పోయేసరికి ఆయన కుర్చీ మెట్టు పక్క నుంచి లోపలికి, పొయ్యి పక్కకు మారింది.

రెండేళ్లు గడిచాక ఆమె మోకాళ్లు మెట్లను ఒప్పుకోవడం మానేశాయి. బస్సు ఇంజను కూడా దాదాపు అప్పుడే మొండికేసింది. ఇంట్లోవాళ్లెవరూ అడగకముందే ఆమె తనే దిగుతానంది. కాని ముందు ఇంటి వెనక పెరట్లో ఒక గది కట్టాలి, అందులో పొయ్యి తనదిగా ఉండాలి, కిటికీ వెనక వీధి వైపు ఉండాలి అని చెప్పింది. పెద్దాయన మేస్త్రీని మర్నాడే పిలిపించాడు. గది పూర్తయిన రోజు మమ్మల్ని ముగ్గురినీ భోజనానికి పిలిచింది. బస్సులోంచి సామాను దించింది మేమే. జాడీలు మాత్రం మమ్మల్ని ముట్టనివ్వలేదు, తనే ఒక్కొక్కటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పెద్దాయన అందుకుని లోపల సర్దాడు.

మేం తింటుండగా పెద్ద కోడలు వచ్చింది. చేతిలో తన పళ్లెం తనే తెచ్చుకుంది. గుమ్మంలో నిలబడి, అక్కడ లోపల ఒకటే లొల్లిగా ఉంది అత్తమ్మా అంది. అమ్మ ఆమెను తేరిపార చూసి, ఏమీ అడక్కుండా పక్కకు జరిగి చోటిచ్చింది. వారం తర్వాత నేను ఏదో పని మీద అటు పోతే, ఆ గదిలో గోడవారగా రెండో చాప కూడా పరిచి ఉంది.